బోరు నీటిమట్టానికి ఏఐ మోడల్: 98 శాతం వచ్చిందంటే ముందు అనుమానపడాలి

నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. అనంతపురంలో ఎంటెక్ చేస్తున్నావు. కూడేరు, ఉరవకొండ వైపు 14 బోర్లలో సెన్సార్లు దించి, ఏడాదిన్నరగా ప్రతి 15 నిమిషాలకూ నీటిమట్టం తీశారు. వాన, ఉష్ణోగ్రత కలిపి ఎల్‌ఎస్‌టీఎం నెట్‌వర్క్‌కు, అంటే వరసగా వచ్చే అంకెల్లో పాతవి గుర్తుపెట్టుకుని తర్వాతది చెప్పే ఏఐకి ఇస్తే 98 శాతం కచ్చితత్వం వచ్చింది. గైడ్ మాత్రం "ఇందులో ఫిజిక్స్ ఏదయ్యా?" అన్నారు. ఇప్పుడు ఫిజిక్స్ ఇన్ఫార్మ్‌డ్ న్యూరల్ నెట్‌వర్క్, అదే అందరూ పిన్ అంటున్నది పెట్టాలా, న్యూరల్ ఆపరేటర్ పెట్టాలా, 98 వచ్చాక ఇంకా ఇదంతా దేనికి అని అడిగావు. సార్ అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వనే రాస్తున్నా. ఈ జిల్లా బోర్ల లెక్కలతో ఇరవై ఏళ్లకు పైగా తిప్పలు పడ్డవాణ్ని. చివరి ఏడెనిమిదేళ్లు ఈ నెట్‌వర్క్‌లతో కూడా.

ముందు ఆ 98 సంగతి తేల్చుకుందాం. ఒకే ఒక్క లైను కోడ్ రాయి: ఇప్పుడు మట్టం ఎంతుందో పావుగంట తర్వాతా అంతే ఉంటుంది. మోడల్ లేదు, ట్రైనింగ్ లేదు. దాని స్కోరు తీసి చూడు, 98 దగ్గరికే వస్తుంది, కొన్ని బోర్లలో 99 కూడా రావచ్చు. నేల కింది నీళ్లు గుర్రంలా పరుగెత్తవు తమ్ముడూ. నిన్న 31.4 మీటర్ల లోతున ఉన్న నీళ్లు ఈ రోజు 31.4 దగ్గరే ఉంటాయి. నీ నెట్‌వర్క్ నేర్చుకున్నది చాలావరకు ఇంతే, ముందు రీడింగ్‌ను కాపీ కొట్టడం. పైగా ట్రైనింగుకు, టెస్టుకు డేటాను కలగాపులగం చేసి పంచి ఉంటావని నా అనుమానం. పది గంటల రీడింగ్ ట్రైనింగులో, పదింబావుది టెస్టులో పడితే పక్కవాడి పేపర్ చూసి పరీక్ష రాసినట్టే.

సరైన పరీక్ష ఇలా ఉండాలి. ఒక రోజు మట్టం ఇచ్చి వదిలెయ్. అక్కడి నుంచి 90 రోజులు మధ్యలో అసలు రీడింగ్ చూపించకుండా, వానా పంపింగూ మాత్రమే ఇస్తూ నడిపించు. ఒక బోరును పూర్తిగా దాచిపెట్టి దాని మీద కూడా చూడు. అప్పుడు వచ్చే అంకె నీ అసలు అంకె. దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. నా మొదటి మోడల్‌కు నాష్-సట్‌క్లిఫ్ స్కోరు సున్నా కంటే కిందికి పోయింది. 1970 నుంచి నీటి లెక్కల వాళ్లు వాడుతున్న కొలత అది. సున్నా కంటే తక్కువ వచ్చిందంటే, మోడల్ కట్టకుండా రీడింగుల సగటు చెప్పినా అంతకన్నా నయమని అర్థం.

ఆ మోడల్ కథ చెప్తాను, నీ గైడ్ అడిగింది అందులోనే ఉంది. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో చీనీ తోటల మధ్య బోర్లు. అప్పట్లో ఆ ఫీడర్‌కు త్రీ ఫేజ్ కరెంటు రెండు విడతలుగా, కొంత పగలు, కొంత రాత్రి వచ్చేది. నా నెట్‌వర్క్ గ్రాఫు అసలు గ్రాఫు మీద అతికించినట్టు కూర్చునేది. రాత్రి రెండు గంటలకు మట్టం దబ్బున పడటం, తెల్లవారుజామున మళ్లీ పైకి రావడం, అన్నీ ముందే చెప్పేది. నాకైతే మీసం మెలేసినంత పనైంది. కొన్ని నెలలకు మోడల్ ఒక్కసారిగా పిచ్చి పట్టినట్టు చెప్పడం మొదలుపెట్టింది. రాత్రి రెండింటికి మట్టం నాలుగు మీటర్లు పడుతుందంటుంది, సెన్సార్ చూస్తే కదలిక లేదు. సెన్సార్లు పాడయ్యాయని నేను, కోడ్ తప్పని మా వాళ్లు, మూడు వారాలు వాదించుకున్నాం. చివరికి బస్సెక్కి ఊరికి పోతే, తోట గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఒక్క మాటలో తేల్చేశాడు: "కరెంటు పగటికి మార్చినారు గదా సామీ, మీకెవురూ చెప్పలేదా?"

నా నెట్‌వర్క్ నీళ్ల గురించి ఏమీ నేర్చుకోలేదు. సబ్‌స్టేషన్ టైంటేబుల్ నేర్చుకుంది. మనవాళ్లంతా ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు కదా, కరెంటు రాగానే ఫీడర్ కింద మోటార్లన్నీ ఒకేసారి తిరుగుతాయి. మట్టం పడటానికి కారణం మోటారు. నేను మాత్రం గడియారం ఇచ్చాను, మోటారు ఇవ్వలేదు. పగటి పూట తొమ్మిది గంటల కరెంటు రాగానే నా మోడల్ చెత్తబుట్టలోకి పోయింది.

నీ డేటాలో ఇలాంటిదే ఇంకోటి ఉండొచ్చు, ఇప్పుడే చూసుకో. నీ సెన్సార్ల కేబుల్లో గాలి గొట్టం ఉందా? లేకపోతే అవి నీటి బరువుతో పాటు గాలి బరువునూ కొలుస్తాయి. మన ప్రాంతంలో వాతావరణ పీడనం ఉదయం పదికి, రాత్రి పదికి ఎక్కువ, తెల్లవారుజామున నాలుగుకు, సాయంత్రం నాలుగుకు తక్కువ. ఆ తేడా 3, 4 హెక్టోపాస్కల్స్ దాకా ఉంటుంది. ఒక హెక్టోపాస్కల్ అంటే సుమారు ఒక సెంటీమీటర్ నీరు. అంటే బోరులో చుక్క కదలకపోయినా నీ గ్రాఫులో రోజుకు రెండుసార్లు 3, 4 సెంటీమీటర్ల అల కనిపిస్తుంది. నెట్‌వర్క్‌కు అలాంటి అల దొరికితే పండగే. ఒక బారోమీటర్ రీడింగ్ తీసేస్తే ఆ అల పోతుంది.

ఇక అసలు విషయం. ముందు నీళ్ల జమాఖర్చు నువ్వు రాయి, అందులో నీకు తెలియని పద్దు ఒక్కటే ఏఐకి అప్పజెప్పు. మొత్తం పుస్తకం దాని చేతికివ్వకు.

జమాఖర్చు చాలా చిన్నది. రోజులో మట్టం ఎంత మారిందో దాన్ని స్పెసిఫిక్ యీల్డ్‌తో గుణిస్తే వచ్చేది, పైనుంచి దిగిన నీటిలోంచి తోడిన నీరూ, పల్లానికి జారిపోయిన నీరూ తీసేసినంత. స్పెసిఫిక్ యీల్డ్ అంటే రాతిలో నీళ్లు వదలగల ఖాళీ. మన గ్రానైటు, నైస్ రాళ్లలో పైన మెత్తబడిన పొరలో అది 1 నుంచి 3 శాతం మధ్య ఉంటుంది. 2 అనుకుందాం. వంద మిల్లీమీటర్ల వాన పడి అందులో పదో వంతు కిందికి దిగిందనుకో, అంటే 10 మిల్లీమీటర్లు. దాన్ని 0.02తో భాగిస్తే 500 మిల్లీమీటర్లు, మట్టం అరమీటరు లేస్తుంది.

ఖర్చు వైపు చూడు. రిగ్గు వాళ్లు వీ-నాచ్, అంటే V ఆకారంలో గాడి కోసిన పలక పెట్టి "రెండించుల నీళ్లు పడ్డాయి" అంటారు కదా, 90 డిగ్రీల నాచ్‌లో రెండించులంటే గంటకు సుమారు 2,900 లీటర్లు. తొమ్మిది గంటలు తోడితే రోజుకు 26 వేల లీటర్లు. ఆ బోరు కిందికి పదెకరాల నేల నీళ్లు చేరతాయనుకుంటే అది 0.65 మిల్లీమీటర్ల నీరు. మళ్లీ 0.02తో భాగించు, మట్టం రోజుకు 32 మిల్లీమీటర్లు దిగుతుంది. వంద మిల్లీమీటర్ల వాన లేపిన అరమీటరును ఒక్క మోటారు పదహారు రోజుల్లో తాగేస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో బోర్లు ఎందుకు ఎండుతున్నాయో ఈ నాలుగు గుణకారాల్లో కనిపిస్తుంది. నీ ఎల్‌ఎస్‌టీఎంలోని వేల పారామీటర్లలో ఇది కనపడదు.

వీ-నాచ్ సంగతిలో చాలామంది పప్పులో కాలేస్తారు. ప్రవాహం నాచ్‌లో నీటి ఎత్తుకు రెండున్నర ఘాతంగా పెరుగుతుంది. రెండించులంటే ఒక ఇంచుకు రెండింతలు కాదు, అయిదున్నర రెట్లకు పైగా. రైతు చెప్పిన ఇంచులను అలాగే డేటా ఫైల్లో ఎక్కించి నెట్‌వర్క్‌కు ఇస్తే, వంద ఏళ్లకు పైగా అందరికీ తెలిసిన సూత్రాన్ని అది 14 బోర్ల డేటా నుంచి మళ్లీ కనిపెట్టాలి. ఎందుకా శ్రమ? నువ్వే లీటర్లుగా మార్చి ఇవ్వు.

మరి ఏఐకి ఇవ్వాల్సిన పద్దు ఏది? వానలో ఎంత కిందికి దిగుతుందన్నది. దానికి మంచి సూత్రం లేదు. మన రైతులు "పదును వాన" అంటారు చూడు, అందులోనే సగం సంగతి ఉంది. ఎండిన ఎర్రనేల మీద పడిన మొదటి వాన నేల పదునుకే సరిపోతుంది, బోరుకు చుక్క చేరదు. అదే 40 మిల్లీమీటర్ల వాన, నేల తడిసి ఉన్నప్పుడు పడితే ఫలితం వేరు. ఎంత తడికి ఎంత దిగుతుందన్న ఆ వంపు ఊరిని బట్టి మారుతుంది. అది నెట్‌వర్క్ నేర్చుకోనీ. రెండు పొరలు, పొరకు పదహారు న్యూరాన్లు చాలు. ఇన్‌పుట్ ఈ రోజు వాన, గడిచిన పదిహేను రోజుల తడి. పక్కన చెరువు ఉంటే అందులోంచి దిగే నీళ్లకు జమాఖర్చులో వేరే లైను. నెట్‌వర్క్ అవుట్‌పుట్‌ను సిగ్మాయిడ్‌లో, అంటే ఏ అంకెనైనా సున్నాకూ ఒకటికీ మధ్యే ఉంచే సూత్రంలో పెట్టి వానతో గుణించు. అప్పుడు పడిన వాన కంటే దిగిన నీరు ఎప్పటికీ ఎక్కువ కాదు, సున్నా కంటే తక్కువా కాదు. ఆ నెట్‌వర్క్‌ను జమాఖర్చు సమీకరణం లోపల కూర్చోబెట్టి, రోజు తర్వాత రోజు నడిపి, వచ్చిన మట్టానికీ అసలు మట్టానికీ తేడాను వెనక్కి పంపి ట్రైన్ చెయ్. పైటార్చ్‌లో ఇదంతా వంద లైన్లు దాటదు. పేపర్లలో దీన్ని హైబ్రిడ్ మోడల్ అనో యూనివర్సల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్ అనో అంటారు.

చెరువు మాట ఊరికే అనలేదు. వాన లేకుండా మట్టం రెండు మీటర్లు లేచిన బోరు ఒకటి నాకు తగిలింది. నెట్‌వర్క్ దాన్ని ముందు వారం పడిన అయిదు మిల్లీమీటర్ల తుంపర ఖాతాలో వేసేసింది. అసలు జరిగింది, హంద్రీ-నీవా నీళ్లు ఊరి చెరువుకు వదిలారు. శ్రీశైలం వెనక నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్లవి, వాటికి మన మబ్బుతో సంబంధమేముంది? చెరువు పద్దును వేరే లైనుగా రాస్తేనే వాన పద్దు శుభ్రంగా ఉంటుంది. అలాగే వాన డేటా గ్రిడ్లు కూడా జాగ్రత్త. పావు డిగ్రీ గ్రిడ్ అంటే గడి పక్క పొడవు సుమారు 28 కిలోమీటర్లు. మన దగ్గర వాగుకు ఈ గట్టున కురిసి ఆ గట్టున కురవని వానలే ఎక్కువ. ఊళ్లో వానమాపకం లేకపోతే కనీసం మండల కేంద్రం రీడింగ్ తీసుకో. భూమి ఆకర్షణలో తేడాలను బట్టి నీటిని అంచనా వేసే గ్రేస్ ఉపగ్రహాల డేటా అయితే వందల కిలోమీటర్ల స్థాయిది, 14 బోర్లకు అది పనికిరాదు.

ఇప్పుడు అందరూ జారిపడే చోటికి వద్దాం. ఇది నీ థీసిస్‌లో తప్పకుండా రాయి. మట్టం రీడింగులు మాత్రమే ఉంటే స్పెసిఫిక్ యీల్డును, దిగిన నీటిని విడివిడిగా తేల్చలేం. యీల్డు 2 శాతం, దిగినది 10 మిల్లీమీటర్లు అన్నా, యీల్డు 1 శాతం, దిగినది 5 అన్నా మట్టం లేచేది అదే అరమీటరు. తోడిన నీరు, పల్లానికి జారిన నీరు కూడా సగమే అనుకుంటే గ్రాఫు అచ్చంగా కలిసిపోతుంది. మోడల్ రెండింట్లో ఏది చెప్పినా ఎర్రర్ ఒకటే. ఎన్ని పొరలు పెట్టినా, ఏ జీపీయూ తెచ్చినా ఇది తేలదు, ఎందుకంటే డేటాలో ఆ సమాచారమే లేదు. పద్దుల్లో ఒక్కదాన్నయినా నిజంగా కొలవాలి. అన్నింటికన్నా సులువుగా కొలవగలిగింది పంపింగే. ఫీడర్‌కు కరెంటు ఉన్న గంటలు సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులో ఉంటాయి. బోరు పోసే నీళ్లు మాత్రం నువ్వు పోయి బిందె, స్టాప్‌వాచ్‌తోనైనా కొలవాలి. ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి. మట్టం దిగితే అదే మోటారు తక్కువ పోస్తుంది, ఆపి ఆపి పోస్తుంది కూడా.

ఇంకో చిక్కు, యీల్డ్ అన్ని లోతుల్లో ఒకటే కాదు. పై పొరలో ఖాళీలు ఎక్కువ, కింద బండలో పగుళ్లు మాత్రమే. "పైన ఉన్నన్ని దినాలు మెల్లగా దిగుతాది, బండలోకి పోయినాక దబ్బున పడిపోతాది" అని ఏ రైతును అడిగినా చెప్తాడు. నీ ఏడాదిన్నరలో మట్టం బండలోకి దిగి ఉండకపోతే, 2018 లాంటి కరువు ఏడాది వచ్చినప్పుడు నీ మోడల్ మెల్లగానే దిగుతుందని ధీమాగా చెప్తుంది. సరిగ్గా మనకు అవసరమైన ఏడాదే తప్పు చెప్తుంది. అందుకే యీల్డును లోతు పెరిగేకొద్దీ తగ్గేలా కట్టెయ్. బోరు వేసినప్పుడు ఎన్ని అడుగులకు మెత్త రాయి అయిపోయింది, ఎక్కడ జల పడింది అని రైతును అడుగు. ఎంత కేసింగ్ గొట్టం దింపారో వాళ్లకు ఖర్చుతో సహా గుర్తుంటుంది. కేసింగ్ ఆగిన చోటే దాదాపుగా బండ మొదలు.

పిన్ సంగతి అడిగావు. న్యూరల్ నెట్‌వర్క్‌తో అవకలన సమీకరణాలు సాధించడం 1998 నాటికే లగారిస్ బృందం చూపించింది. ఇప్పుడందరూ చెప్పుకునే రూపం రైస్సీ, పెర్డికారిస్, కార్నియాడాకిస్ 2019లో వేసిన పేపర్‌ది. డేటాతో తేడాకు ఒక జరిమానా, సమీకరణం తప్పితే ఇంకో జరిమానా, రెండూ కలిపి తగ్గించడం. సమీకరణం గట్టిగా తెలిసి, అందులో ఒకటి రెండు గుణకాలు తెలియనప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. నీకు సమీకరణమే అనుమానం. భూగర్భ జలాల సమీకరణం డార్సీ 1856లో ఇసుక గొట్టాలతో కనుక్కున్న సూత్రం మీద నిలబడింది. కూడేరు బండ ఇసుక కాదు, నీళ్లు పగులు వెంట పోతాయి. ముప్పై అడుగుల దూరంలో ఒక బోరు పోస్తుంటే ఇంకోటి గాలి కొడుతుంది. 14 చుక్కల మధ్య నునుపైన ఉపరితలం గీయమని పిన్‌ను అడిగితే అందంగా గీస్తుంది, కానీ ఆ బొమ్మ నిజం కాదు. రెండు జరిమానాల తూకం కుదర్చడానికే నీ సెమిస్టర్ అయిపోతుంది, అది వేరే సంగతి. నా మాట అడిగితే నీ పనికి పిన్ వద్దు.

న్యూరల్ ఆపరేటర్లు ఇంకో రకం పని. మోడ్‌ఫ్లో లాంటి భూగర్భ జలాల సిమ్యులేటర్‌ను వేలసార్లు నడిపి, ఆ ఫలితాలతో ట్రైన్ చేస్తే తర్వాత లెక్క క్షణాల్లో వస్తుంది. నీ దగ్గర వేల రన్నులూ లేవు, ఆ తొందరా లేదు. వదిలెయ్.

"గ్రాఫ్‌కాస్ట్ సమీకరణాలు లేకుండానే పది రోజుల వాతావరణం చెప్తోంది కదా సార్" అని కూడా రాశావు. నిజమే, 2023లో డీప్‌మైండ్ వాళ్లు చూపించారు, ఒక్క నిమిషం లోపే ప్రపంచమంతటికీ లెక్క వస్తుంది. కానీ అది నేర్చుకున్నది దేని మీద? 1979 నుంచి 2017 దాకా 39 ఏళ్ల ఈఆర్ఏ5 అనే ప్రపంచ వాతావరణ డేటా మీద. ఆ డేటా ఎలా తయారైంది? భౌతిక సమీకరణాలతో నడిచే వాతావరణ మోడల్లో పరిశీలనలు కలిపి. అంటే ఫిజిక్స్ వండిన అన్నం తిని పెరిగిన పిల్ల అది. నీకు 39 ఏళ్లు లేవు, ఏడాదిన్నర ఉంది. అందులో వానాకాలాలు ఒకటో రెండో.

నీ 15 నిమిషాల డేటా వృథా అని మాత్రం అనుకోవద్దు. దానికి వేరే వాడకం ఉంది. కరెంటు పోయి మోటారు ఆగగానే బోరులో మట్టం పైకి లేస్తుంది చూడు, ఆ లేచే తీరులో రాతి గుణం ఉంటుంది. థైస్ 1935లో చెప్పిన రికవరీ పద్ధతి ఇదే. మోటారు వేసినప్పటి నుంచి గడిచిన కాలాన్ని ఆగినప్పటి నుంచి గడిచిన కాలంతో భాగించి, ఆ నిష్పత్తిని లాగ్ స్కేలు మీద పెట్టి, మట్టం ఇంకా ఎంత లేవాలో గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలు నుంచి రాతిలో నీళ్లు ఎంత సులువుగా కదులుతాయో తెలుస్తుంది. డబ్బు పెట్టి చేయించే పంపింగ్ టెస్టు నీ 14 బోర్లలో రోజూ ఉచితంగా జరుగుతోంది. రేఖ మధ్యలో విరిగిందంటే పక్క మోటారు ఇంకా నడుస్తోందని గానీ, పగులు అక్కడికి అయిపోయిందని గానీ. ఈ ఒక్క ముక్క మీదే మంచి అధ్యాయం రాయొచ్చు, ఏఐ అవసరమే లేదు.

జమాఖర్చు మోడల్‌కు మాత్రం రోజుకు ఒక్క రీడింగే తీసుకో, మోటారు వేయకముందుది. మోటారు తిరుగుతున్నప్పుడు బోరులో కనిపించే మట్టం బోరుదే, చుట్టూ ఉన్న నేలది కాదు. అలా చేస్తే లక్షల రీడింగులు కాస్తా బోరుకు అయిదొందల చిల్లరకు వస్తాయి. రానీ.

మోడల్ తయారయ్యాక గైడ్‌కు చూపించే ముందు రెండు పిచ్చి ప్రశ్నలు వేసి చూడు. రెండేళ్లు చుక్క వాన లేదు, చెరువుకు నీళ్లు రాలేదు, మోటార్లు రెట్టింపు. మట్టం ఒక్క రోజైనా లేచిందా? పంపింగ్ పూర్తిగా ఆపేసి పదేళ్లు వానలు పోయించు. నీళ్లు నేల దాటి గాల్లోకి పోయాయా? మీ ఎల్‌ఎస్‌టీఎంకు కూడా ఇవే వేసి, రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టు. "ఫిజిక్స్ ఏదయ్యా" అన్నదానికి జవాబు ఆ రెండు బొమ్మల్లోనే ఉంటుంది.

కోడ్ చాట్‌బాట్‌తో రాయించుకుంటున్నానన్నావు. రాయించుకో, నేనూ అంతే. కానీ యూనిట్లు నువ్వే చూడు. నాకోసారి వాన మిల్లీమీటర్లలో, మట్టం మీటర్లలో పెట్టి కలిపేసింది. కొన్నిసార్లు లోతును ఎత్తుగా తీసుకుంటుంది, అప్పుడు వాన పడితే బోరు ఎండుతుంది.

ఈ వారం చేయాల్సింది కంప్యూటర్ ముందు లేదు. పొద్దున కరెంటు రాకముందే ఊరు చేరుకో. స్టీలు టేపు చివర రెండు మీటర్లకు సుద్ద రాసి, కేసింగ్ లోపల ఒక పక్కగా, మోటారు కేబుల్ తగలకుండా మెల్లగా దించు. పైకి తీశాక సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూసి, దించిన పొడవులోంచి ఆ తడిసిన పొడవు తీసెయ్. వచ్చిన లోతును సెన్సార్ అంకె పక్కన రాసుకో. 14 బోర్లకూ ఇలా చేసి ఆ పట్టిక పంపు. ఎన్ని సెన్సార్లు నిజం చెప్తున్నాయో తేలాక మిగతాది మాట్లాడుకుందాం.